సింహాచలాల తలంటు

సీతాపతి దాసుగారిని ఏదైనా ప్రశ్న అడిగితే సమాధానం చెప్పేవారు కారు, పని చెప్పేవారు. అది ఆయన అలవాటు. కరుణరసం పాడేటప్పుడు గొంతు ఎక్కడ ఆపాలండీ అని ఒక శిష్యుడు అడిగితే, "వెళ్ళి పొయ్యి మీద పాలు పొంగకుండా చూడు" అన్నారట. వాడు వెళ్ళి పొయ్యి ముందు కూర్చున్నాడు. పాలు పైకి లేచి గిన్నె అంచు దాకా వచ్చి, ఇంక పడిపోతాయనగా మంట లాగాడు. కాసేపు అలాగే ఆ గిన్నెను చూస్తూ ఉండిపోయి, తిరిగి వచ్చాడు. మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు. హరికథ చెప్పడంలో దాసుగారంతటివారు ఆ చుట్టుపక్కల లేరని చీపురుపల్లిలో ఎవరిని అడిగినా చెబుతారు. కాళ్ళకు గజ్జె, చేతిలో చిడతలు, తలకు జరీ అంచు పాగా, మెడలో బంతిపూల దండ. అలా పందిట్లోకి నడిచి వస్తుంటే, కథ మొదలుపెట్టకముందే ముందు వరుసలో ఆడవాళ్ళు కొంగులు సిద్ధం చేసుకునేవారు, ఎప్పుడు ఏడిపిస్తాడో తెలీదని.

ఆయన దగ్గర చాలా ఏళ్ళుగా ఉంటున్న శిష్యుడు మజ్జి సింహాచలం. సన్నగా, పొడుగ్గా, చూడ్డానికి చిడతల్లో ఒక బద్దలా ఉండేవాడు గానీ గొంతు మాత్రం గంట. గురువుగారికి గజ్జె కట్టేదీ, తలపాగా చుట్టేదీ వాడే. ఆ పాగా చుట్టడం ఇంకెవరికీ చేతకాదు. ఎంత బిగించినా కుడివైపుకి జారిపోతుంది. ఆ పక్కన ఒక మడత ఎక్కువ వేసి లోపలికి దోపితేనే నిలుస్తుందని మనవాడు చేతి అలవాటు మీద కనిపెట్టాడు. ఎందుకలా జారుతుందని గురువుగారిని అడగలేదు. అడిగితే ఏ పని చెబుతారోనని.

మనవాడికి విద్యలో లోటు లేదు. ఉన్న ఇబ్బందల్లా పేరుతోనే. మా వైపు సింహాచలం అన్న పేరు మగవాళ్ళకీ పెట్టుకుంటారు, ఆడవాళ్ళకీ పెట్టుకుంటారు. అప్పన్నస్వామి కొండ అల్లంత దూరంలో ఉంటే పెట్టుకోకుండా ఎలా ఉంటారు చెప్పండి? వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారు, ఎవరి మానాన వాళ్ళు బతుకుతుంటారు. కానీ మనవాడి రోజుల్లో ఆ పేరుతో ముగ్గురు మహా ప్రసిద్ధులు తయారై కూర్చున్నారు. ఒకాయన వస్తాదు. కుస్తీ గోదాలో ఆయన తొడ కొడితే పక్క ఊళ్ళో పశువులు బెదిరేవంటారు. రెండో ఆయన నాటకాల్లో దుర్యోధనుడు. ఆయన పద్యం ఎత్తుకుంటే జనం ఒన్స్‌మోర్ అంటూ తెల్లవార్చేసేవారు. మూడో మనిషి విజయనగరం కోర్టులో ప్లీడరు, ఆడమనిషి. ఆవిడ లేచి నిలబడితే అవతలి ప్లీడరు కూర్చోవడమే మేలనుకునేవాడని చెప్పుకునేవారు.

ఈ ముగ్గురి మధ్యా మనవాడు నలిగిపోయాడు. ఒక పెళ్ళివారింట్లో కథ చెప్పమని పిలిస్తే వెళ్ళాడు. పెళ్ళికూతురి మేనమామ నలుగురు మనుషుల చేత ఒక రాతిగుండు దొర్లించుకుని వచ్చి, "బావూ, కథ తరవాత సెప్దువు గానీ, ముందు ఇది ఒకపాలి ఎత్తీ, పిల్లలు సూడాలని గోల పెడతన్నారు" అన్నాడు. ఇంకో ఊళ్ళో మనవాడు నామం దిద్దుకుని వేదిక ఎక్కగానే వెనకనుంచి ఎవరో, "అయ్యో, దుర్యోధనుడు ఎంత సిక్కిపోయాడర్రా! జబ్బు సేసిందేటో!" అని వాపోయారు. పందిరంతా జాలిపడింది. మరోసారి ఒక రైతు తెల్లవారకుండానే వచ్చి, చెరువు గట్టు తగాదా మొదటినుంచి చివరిదాకా చెప్పుకుని, ఆఖర్న మనవాణ్ణి ఎగాదిగా చూసి, "మీరు ఆడోరని సెప్పారండీ మాకు" అంటూ నిరాశగా లేచి వెళ్ళిపోయాడు.

ఇవన్నీ మనవాడు నవ్వుకుంటూ తట్టుకున్నాడు. కానీ రాయవలస అమ్మవారి జాతర కథ దగ్గర మాత్రం గుండెకి తగిలింది. అది మనవాడు మొట్టమొదటిసారి గురువుగారి పక్కన కాకుండా తన పేరు మీద చెప్పబోయే పూర్తి హరికథ. జాతర నోటీసు అచ్చుకి ఇస్తూ కమిటీవాళ్ళు అడిగారు గదా, "మీ పేరు కింద 'వస్తాదు కాదు' అని వేయించమంటారా? లేకపోతే జనం గోదా తవ్వించలేదేమని మమ్మల్ని తిడతారు" అని. పాపం వాళ్ళు ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగారు. అదే ఎక్కువ బాధ. ఇన్నేళ్ళు నేర్చుకున్నది ఒక ఎత్తు, తాను ఎవరు కాదో చెప్పుకుంటే తప్ప తానెవరో తెలియకపోవడం ఒక ఎత్తు. ఆ సాయంత్రమే మనవాడు ఒక కొత్త పేరు అనుకున్నాడు. శ్యామసుందర దాసు. నాలుగుసార్లు పైకి అనుకుని చూసుకున్నాడు, నోటికి పటికబెల్లంలా ఉంది. సోమవారం పొద్దున్న అచ్చాఫీసు తలుపులు తీసేలోపు పేరు చెప్పెయ్యాలి. నోటీసు మీద ఒకసారి పడ్డ పేరే ఇక జన్మంతా.

శనివారం నాడు గురువుగారు అరుగు మీద కూర్చుని గజ్జెలకు తోలుపట్టీ కుట్టుకుంటుంటే ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"గురువుగారూ, ఒక పేరుతో అంతమంది పైకొచ్చేశాక అదే పేరున్న నాలాంటివాడికి ఇంకేం మిగుల్తుందండీ? అసలు ఆ పేరు ఎవరిదని అనుకోవాలి? అది వదిలేసి ఇంకొకటి పెట్టుకుంటే తప్పా?"

దాసుగారి చేతిలో సూది ఆగిపోయింది. పట్టీలో సగం దిగి అలాగే ఉండిపోయింది. ఆయన లేచి లోపలికి వెళ్ళి, మూత బిగించిన నూనె డబ్బా ఒకటి పట్టుకొచ్చి మనవాడి చేతికి ఇచ్చారు. అది మనవాడికి తెలిసిన డబ్బాయే. ఏటా కార్తీకం అయిపోయి పోలిపాడ్యమి వెళ్ళగానే గురువుగారు నువ్వులు తీసుకుని గానుగ దగ్గరకి తానే వెళ్ళి, దగ్గరుండి ఆడించుకొచ్చేవారు. ఆ నూనె ఆయన బావమరిది ఎక్కడికో తీసుకెళ్ళేవాడు. ఈ ఏడు ఆ బావమరిదికి నడుం పట్టేసింది.

"రేపు ఆదివారం. పొద్దున్న బస్సుకి చినబూరాడ వెళ్ళి, ఇది సింహాచలానికి ఇచ్చిరా. వచ్చాక మళ్ళీ అడుగు."

"ఏ సింహాచలానికండీ?"

"అది అక్కడికి వెళ్ళి అడుగు" అని ఆయన మళ్ళీ సూది అందుకున్నారు.

నూనె అంటే వస్తాదుకే అయ్యుంటుందని మనవాడు దారంతా అనుకుంటూ వెళ్ళాడు. ఒంటికి పట్టించుకోవడానికి వాళ్ళకి కావాలి కదా. పేరు కొట్టేసినవాడికి నూనె కూడా నేనే మొయ్యాలా అని కొంచెం ఉడుకుమోత్తనం కూడా వచ్చింది. చినబూరాడలో బస్సు దిగి, టీ కొట్టు ఆయన్ని అడిగాడు, సింహాచలం గారి ఇల్లెక్కడండీ అని. టీ కొట్టాయన గ్లాసు కడుగుతూ పెద్దగా నవ్వాడు.

"ఏ రోజైనా అడుగు గానీ ఈ రోజు అడక్కు బాబూ. ఈ రోజు ఊరంతా ఆళ్ళే. అదిగో, ఆ పొగ లేస్తంది సూడు, ఆ ఇల్లు. నీ పేరేటి?"

"సింహాచలం."

"అనుకున్నాను" అన్నాడు టీ కొట్టాయన.

ఆ ఇల్లు పెంకుటిల్లు. ముందు వాకిట్లో ఒక కారు, దాని పక్కన ఒక మోటారుసైకిలు, ఆ పక్కన ఎవరిదో ఎడ్లబండి. పెరట్లోకి తొంగి చూసిన మనవాడు అక్కడే నిలబడిపోయాడు. మూడు రాళ్ళ మీద పెద్ద నీళ్ళకాగు కుతకుతా ఉడుకుతోంది. గోడ వెంట పీటలు వరసగా వేసి ఉన్నాయి, పోసుకుని వెళ్ళినవాళ్ళవి కొన్ని అప్పటికే తడిసి ఉన్నాయి. ఒక పీట మీద, నడుముకి తుండుగుడ్డ తప్ప ఒంటి మీద నూలుపోగు లేకుండా, పటాల్లో చూసిన వస్తాదు సింహాచలం బాసింపట్టు వేసుకుని కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. ఆయన నెత్తి మీద నూనె కారుతోంది. ఆయన వెనక ఆయన మోకాలి ఎత్తున్న ఒక ముసలమ్మ నిలబడి, రెండు చేతులా ఆ తలను రుద్దుతోంది.

"అమ్మా, కళ్ళల్లోకి ఎల్లిపోతంది."

"ఎల్తే ఎల్లనీ. ఇలా కదిలావంటే నాలుగంటిస్తాను, ఎదవా" అని ముసలమ్మ ఆయన వీపు మీద ఫట్టుమని ఒకటి వేసింది. గోదాలో మల్లుల్ని మట్టి కరిపించిన మనిషి కిక్కురుమనలేదు. పక్క పీట మీద, సున్నిపిండి పూసుకుని పచ్చగా ఉన్న నాటకాల సింహాచలం తన వంతు కోసం చూస్తున్నాడు. అంత దూరంలో ఎండలో, అప్పటికే తలంటు అయిపోయిన ప్లీడరుగారు జుట్టు విరబోసుకుని, సాంబ్రాణి పొగ పట్టుకుంటూ కుంకుడుకాయలు కొడుతున్నారు.

"ఒరే సింహాచలం, ఆ చెంబు ఇలగ అందీ" అంది ముసలమ్మ.

ముగ్గురూ ఒకేసారి చెయ్యి చాపారు. ఆశ్చర్యమేమిటంటే మనవాడి చెయ్యి కూడా తనకి తెలియకుండా ముందుకి వచ్చింది. చెంబు మనవాడికే దగ్గరగా ఉంది. అందించాడు. అప్పుడు చూసింది ముసలమ్మ.

"నువ్వెవుడివి?"

"సింహాచలమండీ. చీపురుపల్లి నుంచి నూనె తెచ్చాను. ఇది సింహాచలం గారికి ఇవ్వమన్నారు."

"అయితే నాకే. నాను సింహాచలాన్ని. ఆళ్ళందరి కంటే ముందు నాను" అంది ముసలమ్మ. మూత తీసి ఒకసారి వాసన చూసి పక్కన పెట్టింది. తర్వాత మనవాడి చెవి పట్టుకుని తల కిందికి వంచి, వేళ్ళతో మాడు, కణతలు, పెడతల అంతా తడిమింది. బేరమాడే ముందు గుమ్మడికాయని చూసినట్టు చూసింది. "ఊహుఁ. ఇది నా చెయ్యి కాదు. ఎనకాల సదునుగా వొదిలీసింది. ఎవర్తో గానీ బద్ధకం మనిషి."

మనవాడికి ఏమీ అర్థం కాలేదు. దుర్యోధనుడు జాలిపడి, పద్యం ముందు రాగం తీసినట్టు గొంతు సవరించుకుని చెప్పాడు. ఆసుపత్రి అన్నది లేని రోజుల్లో ఆ చుట్టూ ఉన్న ఊళ్ళన్నింటికీ ఈవిడే మంత్రసాని. కాన్పు కష్టమై, తల్లి బతుకుతుందో బిడ్డ బతుకుతుందో తెలియని ఇంట్లో ఈవిడ ఇద్దర్నీ దక్కిస్తే, ఆ బిడ్డకి ఈవిడ పేరు పెట్టుకోవడం ఆ ఊళ్ళ ఆచారం. ఆడపిల్లయినా సింహాచలమే, మగపిల్లాడైనా సింహాచలమే. పుట్టిన బిడ్డకి నీళ్ళు పోసి, తల గుండ్రంగా దిద్దేది కూడా ఈవిడే. పేరు పెట్టుకున్న పిల్లలకి ఏడాదికోసారి, పోలిపాడ్యమి వెళ్ళాక వచ్చే ఆదివారం, తలంటు పోసేది. పెద్దవాళ్ళయ్యాక మానేస్తారనుకుంది. వీళ్ళు మానలేదు.

"నేను అడ్డంగా వచ్చానట తమ్ముడూ. ఆరోజే నాటకం మొదలెట్టానంటుంది ఈవిడ" అన్నాడు దుర్యోధనుడు.

"నాను తల పెద్దదై ఇరుక్కున్నాను" అన్నాడు వస్తాదు కళ్ళు తెరవకుండా.

"ఇప్పటికీ అదే బాధ" అన్నారు ప్లీడరుగారు. అందరూ నవ్వారు. కొత్తవాడినన్న సంగతి మరిచిపోయి మనవాడూ నవ్వేశాడు.

ముసలమ్మ చివరి పీట చూపించి, "సొక్కా ఇప్పి కూకో. నా చెయ్యి కాకపోతేనేం, పేరు ఎట్టుకున్నావు గదా" అంది. మనవాడు మొహమాటపడుతూ కూర్చున్నాడు. కూర్చున్నాక, నూనె పెట్టించుకుంటూ, ఎలా బయటపడిందో గానీ గుండెలో ఉన్నదంతా బయటపడింది. రాతిగుండు సంగతి, చిక్కిపోయిన దుర్యోధనుడి సంగతి, వస్తాదు కాదని నోటీసు వేయిస్తామన్న సంగతి. శ్యామసుందర దాసు అన్న పేరు కూడా చెప్పాడు. అక్కడ చెబుతుంటే మాత్రం ఆ పేరు పటికబెల్లంలా లేదు.

వస్తాదు తుండుతో మొహం తుడుచుకుని ఇటు తిరిగాడు. "తమ్ముడూ, నా పెళ్ళి ఎలగ అయిందో తెల్సా? మా మావ, సింహాచలం అంటే ఈ నాటకాల అన్న అనుకుని పిల్లనిస్తానని మాటిచ్చీసాడు. పెళ్ళిసూపులకి ఎల్తే, ఓ పద్యం అందుకో బావూ అన్నాడు. నాకు పద్యం ఏటొస్తాది? ఆళ్ళ గుమ్మానికి అడ్డంగా గేదె దూడ పడుకుంటే, ఎత్తి పక్కన ఎట్టాను. పద్యం కంటే ఇదే బాగుందని ముహూర్తం ఎట్టించీసాడు."

"నా సంగతి విను మరి. కోట వైపు ఒక ఊళ్ళో ఆట మధ్యలో తాగుబోతులు తెర లాగేస్తుంటే, మా హార్మోనియం ఆయన 'లోపల సింహాచలం ఉన్నాడర్రోయ్' అని కేకేశాడు. నేను గద భుజాన పెట్టుకుని బయటికి వచ్చేసరికి పందిరి ఖాళీ. ఆ గద అట్టముక్కది తమ్ముడూ!" అన్నాడు దుర్యోధనుడు.

"నాకు సగం కేసులు అలాగే రాజీ అవుతున్నాయి. సింహాచలం వకాల్తా పుచ్చుకున్నాడట అని విని అవతలివాళ్ళు దారికొస్తారు. సంతకాలయ్యేదాకా నేను వాళ్ళకి కనపడను" అన్నారు ప్లీడరుగారు. మళ్ళీ కాస్త ఆగి, "అన్నీ లాభాలేననుకోకు. ఈయన ఒకసారి కుస్తీలో ఓడిపోతే కోర్టులో గుమస్తాలంతా నా దగ్గరకి వచ్చి, పోనీలెండమ్మా మళ్ళీసారి చూసుకుందురు గానీ అని ఓదార్చారు" అన్నారు.

వస్తాదు సిగ్గుపడ్డాడు. "అందుకే గదా అప్పా, నాను సారా ముట్టనిది. నాను తాగి రోడ్డు మీద పడ్డాననుకో, ప్లీడరమ్మ పడిందని సెప్పుకుంటారు."

అందరూ పగలబడి నవ్వారు గానీ, మనవాడికి ఆ మాట దగ్గర నవ్వు సగంలో ఆగింది. అంత మనిషి, వేరే మనిషి పరువు కోసం సీసా పక్కన పెట్టాడంటే అదేమంత చిన్న సంగతి కాదు. తన పాట బాగా లేకపోతే ఈ ముగ్గురికీ ఎక్కడో ఎవరో ఒకరు ఒక మాట అంటారన్నది మనవాడికి అప్పటిదాకా తట్టలేదు.

"అయితే మీలో ఎవరికీ ఎప్పుడూ పేరు మార్చుకోవాలనిపించలేదాండీ?" అని అడిగాడు.

ముగ్గురి చూపూ ఒక్కసారి అటు తిరిగింది. వరసలో అన్నింటికంటే ముందు, కాగుకి దగ్గరగా, ఒక పీట ఉంది. కడిగి, పసుపు రాసి, దాని మీద మడత విప్పని తుండుగుడ్డ వేసి ఉంది. అక్కడ ఎవరూ కూర్చోలేదు. మనవాడు వచ్చినప్పుడు కూడా ముసలమ్మ ఆ పీట చూపించలేదు.

"మార్సుకున్నోడు ఒకడున్నాడు" అంది ముసలమ్మ. మనవాడి తల రుద్దుతూనే ఉంది, చేతులు ఆపలేదు. "అందరికంటే పెద్దోడు. నాకు అప్పటికి ఇరవై ఏళ్ళు నిండలేదు. మా అత్త జొరంతో మంచం దిగలేకపోతే నన్ను పంపించారు. ఆ తల్లి అరుస్తంటే నాను అంతకంటే గట్టిగా ఏడిసాను. ఎలగ తీసానో అప్పన్నకే తెల్సు. నా సేతుల్లోకి ఒచ్చిన మొదటి తల అదే. నాకు దిద్దడం సరిగ్గా ఒచ్చింది కాదు, కుడేపు ఒకింత ఒరిగిపోయింది. రోజూ నీళ్ళు పోసినప్పుడు సర్దేదాన్ని. ఎంత సర్దినా అలగే ఉండిపోయింది. గొంతు మాత్రం పుట్టినప్పుడే కంచు. ఆ గొంతుతో పైకొచ్చాడు. ఆ పేరు పందిట్లో బాగుండదని ఎవుడో అంటే మార్సీసుకున్నాడు. ఏదో పెద్ద పేరు, నాకు నోరు తిరగదు."

మనవాడి చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఆ వేళ్ళకి ముందు తెలిసింది, తర్వాత మనవాడికి తెలిసింది. ప్రతి కథకీ ముందు, కుడివైపు ఒక మడత ఎక్కువ వేసి లోపలికి దోపుతూ వచ్చిన వేళ్ళవి. ఆ పాగా కింద ఉన్న తల ఎవరు దిద్దిందో, దాసుగారు సీతాపతి కాకముందు ఎవరో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. పక్కన మూత తీసి ఉన్న నూనె డబ్బా వైపు చూశాడు.

"మీకు కోపం రాలేదా అమ్మా?" అన్నాడు.

"కోపమేటి? సొక్కా నచ్చకపోతే మార్సుకుంటాం, పేరూ అంతే. మార్సుకుంటే ఆ తల నాది కాకుండా పోద్దేటి? పేరు తీసీసినోడికి నాను పీట తీసెత్తానని ఆడే అనుకున్నాడు, పిచ్చి సన్నాసి." ముసలమ్మ డబ్బా ఎత్తి, చారెడు నూనె మనవాడి మాడు మీద పోసి అరచేత్తో అదిమింది. "ఏటేటా నూనె ఒత్తాది. తల రాదు."

వేడినీళ్ళు నెత్తి మీద పడుతుంటే మనవాడు కళ్ళు మూసుకున్నాడు. కుంకుడు రసం కళ్ళల్లోకి వెళ్ళిందని అందరూ అనుకునేలా తుండుతో తుడుచుకున్నాడు. భోజనాల దగ్గర వస్తాదు తన అరిటాకులో గారెలు తీసి మనవాడి ఆకులో వేశాడు. రాయవలస జాతర ఏ రోజో దుర్యోధనుడు అడిగి తెలుసుకున్నాడు. బస్సు కోసం నడవక్కర్లేదని ప్లీడరుగారు కారులో ఎక్కించుకుని చీపురుపల్లి సెంటర్లో దింపేశారు.

మనవాడు ఇంటికి వెళ్ళలేదు. నేరుగా అచ్చాఫీసాయన ఇంటికి వెళ్ళి, ఆయన మధ్యాహ్నం కునుకు పాడుచేసి లేపాడు. నోటీసు మీద పేరు మజ్జి సింహాచలం అనే ఉంచమన్నాడు.

"మరి వస్తాదు కాదని వెయ్యనా?" అన్నాడాయన ఆవలిస్తూ.

"వద్దండీ. ఎవరనుకుని వచ్చినా రానివ్వండి. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడం నా పని."

ఇంటికి వచ్చేసరికి దాసుగారు అరుగు మీదే ఉన్నారు. గజ్జెలు అక్కడే ఉన్నాయి, సూది అందులోనే ఉంది. నిన్న ఆగినచోట నుంచి ఒక్క కుట్టు కూడా ముందుకు పడలేదు. మనవాడు దగ్గరకి వస్తుంటే సాంబ్రాణి వాసన ముందు వచ్చింది. ఆయన తల ఎత్తి, ఇంకా తడి ఆరని ఆ జుట్టువైపు చూశారు.

"ఇచ్చావా?"

"ఇచ్చానండీ."

"ఏ సింహాచలానికి?"

నిన్న అడిగిన ప్రశ్న మళ్ళీ అడగమన్నారు గదా, మనవాడు ఇప్పుడు అడగొచ్చు. అడగలేదు. పేరు అలాగే ఉంచేశానని, అచ్చుకి కూడా చెప్పి వచ్చానని చెప్పాడు. దాసుగారు తల ఊపారు. అప్పుడు మనవాడు చేతులు కట్టుకుని, నేల చూస్తూ, గురువు ముందు పలకాల్సినంత మెల్లగా చెప్పాడు.

"అక్కడ మొదటి పీట మీద ఎవరూ కూర్చోరటండీ. ఏటా కడిగి, పసుపు రాసి వేస్తారట. తీసెయ్యలేదండీ."

ఎదురింటి నీడ రోడ్డు దాటి అరుగు మెట్టు దాకా వచ్చింది. పందిట్లో వేలమంది ముందు ఒక్క క్షణం కూడా తడబడని మనిషి, ఏదో అనబోయి ఆగి, మళ్ళీ అనబోయి ఆగారు. చివరికి లేచి, దండెం మీద ఆరేసిన తుండుగుడ్డ తీసి భుజాన వేసుకున్నారు. మెట్లు దిగుతూ, శిష్యుడివైపు తిరగకుండానే అడిగారు.

"ఇప్పుడు బయల్దేరితే, ఆవిడ దగ్గర ఇంకా వేడినీళ్ళు ఉంటాయంటావా?"